వీపున కట్టుకునే మూట

ఖాట్మండు, పశుపతి గుడి దగ్గరి సత్రం

నా చెల్లెలు ఓబుళమ్మకు అక్క నంజమ్మ దీవెనలతో రాసే జాబు. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. అమ్మ మోకాళ్ల నొప్పులు ఎట్లున్నాయి? మరిదికి దగ్గు తగ్గిందా? చలిలో తెల్లవారే మగ్గం గుంతలో దిగవద్దని చెప్పు. అందరూ బాగున్నారని నువ్వు రాసినావు, అయినా మళ్లీ రాయి.

నీ జాబు చేరింది. రెండు సంగతులు అడిగినావు. గోవిందప్ప ఈ ఏడు కూడా పెనుకొండ నుంచి ముక్తినాథ్ యాత్రకు జనాన్ని కూడేస్తున్నాడు, నేనూ వచ్చి నిన్ను చూస్తాను, ఏమేమి సర్దుకోవాలి అన్నావు. రెండోది రత్నమ్మ సంగతి. నా రామాంజి జ్వరంతో పోయినాక నీ దగ్గర వదిలి వచ్చిన కోడలిని నల్లచెరువులో ఒకాయన మారుమనువు అడుగుతున్నాడని, మంచివాడని, ఉగాది లోపల అత్త మాట రాకపోతే వాళ్లు వేరే చోట చూసుకుంటారని రాసినావు. మొదటిదానికి జవాబు నాకు తెలుసు. అది ముందు రాస్తాను.

ట్రంకుపెట్టె వద్దు, పరుపు వద్దు. కట్టుకున్న చీర కాక ఇంకొకటి చాలు. కంబళి ఒకటి, చెంబు ఒకటి. చింతపండు, మిరపపొడి తెచ్చుకో, ఇక్కడ పులుపు దొరకదు. రాగిపిండి వద్దు. ఈ దేశంలో కూడా రాగులున్నాయి. కోదో అంటారు, మన సంగటి మాదిరే కెలుకుతారు.

పోయినేడు బయల్దేరే ముందు గోవిందప్ప మా మూటలన్నీ వరసగా పెట్టించి, ఎవరిది వాళ్లను ఎత్తుకొని కోట గోడ దాకా పోయి రమ్మన్నాడు. హిందూపురం తిమ్మక్క సగం దారిలోనే కూలబడింది.

“ఏమి పెట్టుకున్నావు తిమ్మక్కా, మొగుణ్ణి కట్టుకొని వస్తాండావా?”

“వాడైతే నడుస్తాడు గదప్పా. ఇది రాగిపిండి, ఇది చింతతొక్కు జాడీ, ఇది రోలు.”

“రోలా! నేపాళంలో రాళ్లు లేవనుకుంటివా? ఆడ ఉండేదే రాళ్లు!”

రోలు దించింది కానీ జాడీ దించలేదు. నా మూట ఎత్తి చూసి గోవిందప్ప, “ఇది మూటనా, తలదిండా నంజక్కా? అందురూ ఈయమ్మను చూసి నేర్చుకోండి” అన్నాడు. తెలివితో తేలికగా కట్టింది కాదు ఓబుళీ. ఏది కావాలో నాకు తోచలేదు. పెట్టె ముందర కూర్చున్నాను, చేతికి తగిలినవి కట్టుకొని లేచినాను.

ఇంకొక మాట. మూట నెత్తిన పెట్టుకోవద్దు. మనకు పుట్టినకాడి నుంచి నెత్తిన మోయడమే తెలుసు. ముక్తినాథ్‌కు పోయేది ఏటి పక్కన కొండను చెక్కిన దారి, ఒక్క మనిషి పట్టేంత. నెత్తిన మూట ఉంటే దిగేటప్పుడు కాళ్లు కనబడవు. తిమ్మక్క ఒక మలుపులో తూలింది, మనిషిని పట్టుకున్నాము, మూట మాత్రం దొర్లుకుంటూ ఏట్లో పడింది. “నా చింతతొక్కు పాయె, నా చింతతొక్కు పాయె” అని అది గుండెలు బాదుకుంటుంటే అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. నా నవ్వే నాకు పక్కన ఎవరో నవ్వినట్టు వినబడింది. అప్పుడు మూటలు మోసే ఒక నేపాళపు ఆయమ్మ వచ్చి, గుడ్డపట్టీ నుదుటికి వేసి మూటను వీపున ఎట్లా కట్టుకోవాలో మాకు చూపించింది. వీపున ఉంటే చేతులు రెండూ ఊరికే ఉంటాయి, కర్ర పట్టుకోవచ్చు. నువ్వు ఇంట్లోనే కట్టుకొని నాలుగు వీధులు తిరిగి అలవాటు చేసుకో. ధర్మవరంలో నవ్వితే నవ్వనీ.

దారిలో తాతోపానీ అని ఒక ఊరు వస్తుంది. పానీ అంటే నీళ్లని మనకు తెలుసు కదా, “ఎవురి తాత తవ్విచ్చినాడబ్బా ఈ బావి?” అని తిమ్మక్క అందరినీ అడిగింది. తాతో అంటే వాళ్ల మాటలో వేడి అంట. అక్కడ నేలలోంచి వేడినీళ్లు ఊరుతాయి. పైన ముక్తినాథ్‌లో గోడకున్న ఇత్తడి ఆవు మూతుల నుంచి మంచునీళ్లు పడతాయి, వాటి కింద తడవాలి. అందరూ కేకలు పెట్టినారు. “చలిగా లేదా నంజక్కా?” అని అడిగితే ఏమో అన్నాను. నిజంగానే నాకు తెలియలేదు. కింది వేడీ తెలియలేదు, పై చలీ తెలియలేదు.

తిరిగి ఖాట్మండుకు వచ్చినాక అందరూ మళ్లీ మూటలు కట్టుకుంటుంటే నాకు లేవబుద్ధి కాలేదు. అంతే, వేరే కారణం ఏమీ లేదు. ఈ సత్రం చూసుకునే ఆయమ్మది కన్నడ దేశం. నాతో కన్నడంలో మాట్లాడుతుంది, మా హిందూపురంలో ఉన్నట్టే ఉంటుంది. బియ్యం ఏరుతాను, వాకిలి ఊడుస్తాను, గిన్నెలు తోముతాను. పొద్దున మంచు పట్టి ఎదురిల్లు కనబడదు. కూరల్లో ఆవనూనె వాసన, తింటున్నాను. నిద్ర పడుతుంది. నా గురించి దిగులు పడవద్దు, బాగానే ఉన్నాను.

ఇక రత్నమ్మ సంగతి. నీ పోయిన జాబులోనూ అడిగినావు, నేను జవాబు రాయలేదు. అది ఇంకొకరి ఇంటికి పోతే, రామాంజి అనేవాడు పెండ్లి చేసుకొని కాపురం చేసినాడని చెప్పడానికి ఎవరూ మిగలరు అనిపించింది. దాని వయసు నాకు తెలుసు. తెలిసినా చేయి కదల్లేదు.

మొన్న బియ్యం ఏరుతుంటే సత్రం ఆయమ్మ పక్కన కూర్చొని, “నినగె ఎష్టు మక్కళమ్మా?” అని అడిగింది, పిల్లలెంతమంది అని. ఇన్నాళ్లూ అడగలేదు. కన్నడంలో మగ అంటే కొడుకు, మగళు అంటే కూతురు, నీకు తెలుసు కదా. మగ అని మొదలుపెట్టినాను. అక్కడ ఆగితే ఉన్నాడా, ఏమి చేస్తాడు అని అడుగుతుంది. నోరు ఆగలేదు, మగళు అని ముగించింది. “ఒబ్బళే మగళు” అన్నాను, ఒక్కతే కూతురు అని. యాడ ఉంది అంటే ధర్మవరంలో మా చెల్లెలి దగ్గర అన్నాను. పెండ్లయిందా అంటే చేయాలి అన్నాను. ఆయమ్మ తలూపి తన పనికి పోయింది. నేను ఆ చాటలో బియ్యం ఏరిందే మళ్లీ ఏరినాను.

కాబట్టి మాట ఇస్తున్నాను. రత్నమ్మను నల్లచెరువుకు ఇవ్వండి. మారుమనువు పోయేది అత్తింటి వస్తువులన్నీ దించిపెట్టి కట్టుబట్టతో గడప దాటాలని మన పెద్దలు అంటారు, ఇప్పుడూ అంటారు. “అత్త కాదప్పా, అమ్మ పెట్టిచ్చాండాది సారె” అని చెప్పు. నా హిందూపురం ఇంటి తాళం నీ దగ్గరే ఉంది. ఇత్తడి బిందెలు, గంగాళం, మంచం, కొత్త కంబళ్లు, అన్నీ తీయి. దాని చేతి కడియాలు దానివే, ఎవరూ ముట్టుకోవద్దు. మరిదిని తన మగ్గం మీద ఒక చీర నేయమను. జరీ నిండుగా వేయమను, బరువుగా ఉన్నా పర్వాలేదు. బండి చాలకపోతే రెండో బండి కట్టించు.

నన్ను రమ్మనవద్దు. మొగుడు లేనిదాన్ని, ముందు నిలబడేదాన్ని కాదు. రామాంజి పెండ్లిలో తిరిగిన ఈ కాళ్లు ఆ పెండ్లిలో నిలబడతాయని నాకు నమ్మకం కూడా లేదు. తల్లి చోట నువ్వు నిలబడాలి. అందుకే, ఇంత సర్దుడు రాసి ఇప్పుడు రావద్దంటున్నానని కోపం తెచ్చుకోకు, ఈ ఏడు యాత్రకు రావద్దు. గోవిందప్పకు మళ్లీ ఏడు వస్తానని చెప్పు.

అమ్మ కాళ్లకు నా దండాలు, ఉన్నచోటి నుంచే నన్ను దీవించమను. నా కోసం ఏడ్వవద్దని చెప్పు, నేను ఏడవడం లేదు. మరిదికి, వీధిలోని పెద్దలందరికీ నా నమస్కారాలు. రత్నమ్మకు ఈ జాబు మొత్తం చదివి వినిపించు. బండి ఎక్కేటప్పుడు అది ఏమన్నదో నాకు రాయి. ఏమీ అనకపోతే, ఏమీ అనలేదని రాయి.

ఇట్లు
మీ అక్క
నంజమ్మ