సీమపనస చెట్టుకు గ్యాసు బండ

ఆపియా,
నవంబరు 20

లోతోమౌ గారికి,

మహాశయా,

తమ పేరున ఉన్న వంటగ్యాసు సిలిండరు ఒకటి ఏళ్ల తరబడి మా ఆఫీసుకు తిరిగి రాలేదు. ఇంతకాలం అయిపోకుండా వాడుతున్న తమ పొదుపుకు మా అభినందనలు. దయచేసి క్రిస్మస్ లోపు ఖాళీ సిలిండరు అప్పగించగలరు.

ఇట్లు,
పెరెలినీ, గుమస్తా,
గ్యాసు ఆఫీసు

తా.క. అయిపోకుండా ఎలా వాడుతున్నారో రాస్తే మా అమ్మకు కూడా చెబుతాను.

*

సాలేతోఆ, సవాయి ద్వీపం

గ్యాసు ఆఫీసు వారికి ప్రభువు నామమున వందనములు.

మీ బండ క్షేమం. ప్రస్తుతం చర్చి సేవలో ఉంది. మా గంట తుఫానులో సముద్రం పాలయ్యాక, ఈ బండనే చర్చి ముందు సీమపనస చెట్టుకు వేలాడదీశాను. రోజూ సాయంత్రం ప్రార్థనవేళకు ఇనుపకడ్డీ పుచ్చుకుని వాయిస్తాను. సంఘపెద్దగా నాకు మిగిలిన పని అదొక్కటే.

అది మోగగానే ఊరంతా టీవీ గొంతు పెంచుతుంది. ప్రార్థనకు వచ్చేది పాస్టరుగారు, వారి భార్య, నేను, ఒక కుక్క. డిసెంబరు వస్తే మరీ అన్యాయం. ఆక్లాండు బంధువులు పంపే డబ్బాల కోసం జనం రేవులోనే కాపురం పెడతారు. ప్రతి ఇంటి ముందూ గాలి ఊదిన క్రిస్మస్ తాత. ఇది యేసు పుట్టినరోజురా అని గుర్తుచేస్తే, "అలాగా, ఆయనకేమైనా డబ్బా వచ్చిందా?" అంటారు.

కనుక బండను ఇప్పుడు ఇవ్వలేను.

ఇట్లు,
లోతోమౌ

తా.క. మీ బండ ఒక్కరోజు కూడా చర్చి మానలేదు. మీ సంగతేమిటి?

*

ఆపియా

లోతోమౌ గారికి,

మహాశయా,

తమ ఉత్తరం చదివి మా సేఫ్టీ ఆఫీసరు కుర్చీలో కూలబడ్డారు. మా సిలిండరును రోజూ ఇనుపకడ్డీతో కొడుతున్నట్టు తామే ఒప్పుకున్నారు. దాని మీద అంత కోపం ఎందుకో మాత్రం రాయలేదు. ఫిర్యాదు ఉంటే కాగితం మీద తెలపాలి, సిలిండరు మీద కాదు. పైగా ఇంటి సిలిండరును చర్చి పనికి వాడుతున్నారు. అందుకు వేరే కనెక్షను తీసుకోవాలి. క్రిస్మస్‌కు ముందే మా మనిషి వచ్చి పట్టుకుపోతాడు.

ఇట్లు,
పెరెలినీ

తా.క. చెట్టుకు వేలాడదీయడానికి ఏ కనెక్షనూ లేదు. వెతికాను.

*

సాలేతోఆ

అమ్మాయి పెరెలినీకి లోతోమౌ వందనములు చెప్పి రాయునది.

కోపం బండ మీద కాదు తల్లీ. నా భార్య ఫువాతినో ఆఖరిసారి వంట చేసింది దాని మీదే. ఆ ఆదివారం కోకో అన్నం కలుపుతుంటే మంట ఆరిపోయింది. "రేపు మార్పించుకురా" అంది. ఆ రేపటికి ఆవిడే లేదు. అప్పటినుంచి నేను పొయ్యి ముట్టుకోలేదు. పక్కింటి మసీనా పెట్టింది తింటున్నాను. కడ్డీతో కొట్టినప్పుడల్లా దేవుణ్ణి పిలుస్తున్నానో, ఫువాతినోను పిలుస్తున్నానో నాకే తెలియదు. ఇద్దరూ పలకలేదు.

తీసుకుపోండి. ఇన్నేళ్లూ నా చేతులు నొప్పి పుట్టాయే గానీ ఈ ఊళ్లో ఒక్క ప్రాణీ కదల్లేదు. అది లేకపోతే ఎవరికీ తెలియనైనా తెలియదు.

ఇట్లు,
లోతోమౌ

తా.క. మీ మనిషిని తాడు కోయొద్దని చెప్పు. అది ఫువాతినో బట్టలారేసుకున్న తాడు.

*

ఆపియా

లోతోమౌ గారికి నమస్కారాలు.

సిలిండరు అందింది. "స్థితి" అన్నచోట ఏం రాయాలో తెలియక "దెబ్బలు తిన్నది" అని రాశాను.

ఇట్లు,
పెరెలినీ

తా.క. వ్యాను దాకా మీరే భుజాన మోసుకొచ్చారని మా డ్రైవరు చెప్పాడు. గోదాములో పెట్టేముందు వేలితో ఒకసారి కొట్టి చూశాను. మోగింది.

*

సాలేతోఆ,
డిసెంబరు 26

అమ్మాయి పెరెలినీకి వందనములు.

క్రిస్మస్ ముందురోజు ఊరంతా రేవులో ఉండగా మీ వ్యాను బండను పట్టుకుపోయింది. ఆ సాయంత్రం ప్రార్థనవేళ దాటిపోయింది. చేతిలో పని లేక అరుగు మీద కూర్చున్నాను. ఒక్కో ఇంట్లో టీవీ ఆగడం మొదలైంది. కాసేపటికి ఊరు ఊరంతా మా ఇంటి మీద పడింది. ఆడవాళ్లు ఏడుస్తున్నారు, మగవాళ్లు చావింటికి కానుకగా ఇచ్చే చాపలు మోసుకొస్తున్నారు. అందరికన్నా ముందు మసీనా. నన్ను చూసి చాప కింద పడేసింది.

"గంట కొట్టలేదేం? పోయావనుకున్నాం!"

"నా గంట మీలో ఎవరు వింటున్నారే?"

"వినకపోవడమేమిటి పెద్దయ్యా! నువ్వు కొడితేనేగా నేను గిన్నె దించేది, పిల్లల్ని స్నానానికి తోలేది. ఇప్పుడేం చెయ్యమంటావ్? నీ చావు భోజనాలకు పందిని కూడా కోసేశాం!"

కోసిన పందికి ఏదో ఒక కారణం ఉండాలి కదా. అందరూ చర్చికి నడిచారు. నా చావుకని గొంతు సవరించుకున్నవాళ్లు క్రిస్మస్ పాటలు పాడారు. చర్చి నిండిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు సాయంత్రం మళ్లీ ఎవరూ లేరు. నేను బతికే ఉన్నానని తేలిపోయిందిగా, ఇంకెందుకొస్తారు?

ఇట్లు,
లోతోమౌ

తా.క. బండ తిరిగి ఇస్తారా? దేవుడి సంగతీ ఫువాతినో సంగతీ నాకు తెలియదు గానీ, వీళ్లకు మాత్రం వినబడుతోందట.

*

ఆపియా

తాతగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం ఆఫీసంతా చదివాం. సేఫ్టీ ఆఫీసరు కళ్లు తుడుచుకుని, నిబంధనలు చూడమన్నారు. ఖాళీ సిలిండరు బయటికి పంపే నిబంధన లేదు. నిండుది పంపొచ్చు. అందుకని మీ సిలిండరులోనే గ్యాసు నింపించి, మా అందరి క్రిస్మస్ కానుకగా పంపుతున్నాం.

ఇట్లు,
మీ పెరెలినీ

తా.క. మీకు దండం పెడతాను, ఇది నిండుగా ఉంది. కొట్టకండి!

*

సాలేతోఆ

చిరంజీవి పెరెలినీకి తాత ఆశీర్వదించి రాయునది.

కానుక అందింది. నీ మాట మన్నించి కడ్డీ పక్కన పెట్టి, పిడికిలితో ఒక్కటి వేశాను. బియ్యం బస్తా మీద వేసినట్టు దబ్బుమంది. "నిండినదేదీ మోగదయ్యా లోతోమౌ" అన్నారు పాస్టరుగారు. ఆయన ఆ మాట ఆదివారం ప్రసంగానికి దాచుకున్నారు. నేను చెట్టు కిందే కూలబడ్డాను.

మోగాలంటే ఖాళీ కావాలి. ఖాళీ కావాలంటే వండాలి. ఒంటిమనిషి వంటకు ఇది ఎప్పటికి అయిపోయేను? ఫువాతినో పొయ్యి దులిపి, పెద్ద గిన్నెతో కోకో అన్నం పెట్టాను. మాడింది. ఆ వాసనకు మసీనా పరుగెత్తుకొచ్చి గరిటె లాక్కుంది. ఆమె వెనక పిల్లలు, పిల్లల వెనక ఊరు. ఇప్పుడు రోజూ సాయంత్రం వస్తున్నారు. ప్రార్థన అయ్యాకే గిన్నె దించుతుంది మసీనా. ఇదంతా భక్తి అనుకునేవు, కాదు, కోకో. ఆ మాత్రం నాకు తెలుసు.

దిగులు మాత్రం పోలేదమ్మా. రోజూ బండ ఎత్తి చూస్తాను. తేలికవుతోంది. ఇది అయిపోయిన రోజున నాకు గంట వస్తుంది, వాళ్లకు గిన్నె పోతుంది. అప్పుడు ఎంత మోగించినా మళ్లీ కుక్కా నేనే కదా. ఖాళీ కావాలని వండుతున్నాను, ఖాళీ కాకూడదని ప్రార్థిస్తున్నాను. పైనున్నాయన దేన్ని వింటాడో పాపం.

ఇట్లు,
మీ తాత లోతోమౌ

తా.క. నిన్న సాయంత్రం మంట ఆరిపోయింది. నేను గిన్నె ముందే కూర్చుండిపోయాను. మసీనా తన ఇంటికెళ్లి, తన బండ దొర్లించుకొచ్చి పొయ్యికి తగిలించింది. "నీది చెట్టుకు కట్టుకోపో, వేళవుతోంది" అంది. దాని మీద కూడా మీ ఆఫీసు ముద్ర ఉంది. లెక్కల్లో రాసుకో తల్లీ, అదీ తిరిగి రాదు.