తీగ మీద తువ్వాలు

ఫిబ్రవరి 12, శుక్రవారం

వచ్చేసింది! మూడు వారాలు తిప్పించుకుని ఇవాళ్టికి పోలీసాఫీసులో నా పాస్‌పోర్టు చేతిలో పెట్టారు. వీసా పొడిగించినట్టు లోపల నీలం ముద్ర. ఇది లేకపోతే 20న మద్రాసులో విమానం ఎక్కనివ్వరు. ఎక్కకపోతే మలేసియాలో మంచం పట్టిన మామ్మని చూడలేను. అన్నయ్య ఫోనులో "కంగారేం లేదు" అని మూడుసార్లు అన్నాడు. కంగారు లేనివాడు మూడుసార్లు ఎందుకంటాడు?

ప్లాస్టిక్ అట్ట మీద మామ్మ పెట్టిన బొట్టు ఇంకా ఉంది. చదువుకి కాకినాడ వచ్చేటప్పుడు పెట్టింది. రెండేళ్ళకి ఎండి గోధుమరంగు మచ్చ అయింది.

హాస్టలుకి రాగానే రూమ్మేటు పద్మ లాక్కుని చూసింది. ఫొటో చూసి పడీపడీ నవ్వింది. తర్వాత మూతి ముడిచింది. వాళ్ళక్క పెళ్ళి 24న. అప్పటికి నేను ఉండను.

"ఇది దాచేస్తే ఎక్కడికి పోతావే, మలేసియా పిల్లా?"

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. కానీ గుర్తుపెట్టుకున్నాను. నాది అనుమానపు బుద్ధి అని మామ్మ ఊరికే అనదు.

ఫిబ్రవరి 13, శనివారం, బస్సులో

ఎవరూ అనుకోలేదు. పొద్దున్న మెస్సులో ఇడ్లీ చూసి క్లాస్‌మేటు నిర్మల "వీటితో మా కొవ్వూరులో గోడ కట్టొచ్చు" అంది. పద్మ వెంటనే, "మా ఊరు పోదాం పదండే! అమ్మ పనసపొట్టు కూర చేసి పెడుతుంది." అరగంటలో ముగ్గురం బస్టాండులో.

సంచిలో రెండు జతల బట్టలు, పొద్దున్న స్నానం చేసిన తడి తువ్వాలు, అడుగున పాస్‌పోర్టు. హాస్టలులో వదిలి రావడానికి మనసొప్పలేదు. మా తాళాలు ఎలాంటివో తెలుసు... ఒక్క తాళంచెవికి నాలుగు గదులు తెరుచుకుంటాయి. డైరీ మాత్రం చంకలోనే. తెలుగులో రాస్తానని మామ్మకి మాటిచ్చాను. ఇక్కడ అందరికీ చదవడం వచ్చని అప్పుడు తోచలేదు!

రామచంద్రపురం దాటాం. కిటికీ పక్కన కాలవ, అవతల దాళ్వా వరిచేలు. పద్మ పాడుతోంది. ఎందుకింత హుషారు?

శనివారం, మధ్యాహ్నం

పద్మ వాళ్ళమ్మగారిని పిన్నిగారు అంటున్నాను. బొద్దుగా, చకచకా తిరిగే మనిషి. మంచినీళ్ళు ఇస్తూనే అడిగారు, "ప్రయాణం ఎప్పుడమ్మా?" ఇరవయ్యో తారీకండి అన్నాను. అన్నం వడ్డిస్తూ, "ఇరవై ఏం వారం అయిందమ్మా?" శనివారమండి. మజ్జిగ దగ్గర, "మీ దేశం మనకి ఏ దిక్కమ్మా?"

తూర్పండి అన్నాను.

"శనివారం... తూర్పుకా..." అని గరిటె అలాగే పట్టుకుని ఆగిపోయారు. పద్మ "అమ్మా!" అంది. ఆవిడ మజ్జిగ పోసి లోపలికెళ్ళిపోయారు.

నా ప్రయాణం గురించి వీళ్ళు ముందే మాట్లాడుకున్నారా? పనసపొట్టు కూర అద్భుతం. కానీ రెండోసారి వడ్డించుకోలేదు.

శనివారం, దీపాలు పెట్టే వేళ

పోయింది.

సంచి మూడుసార్లు దులిపాను. లేదు. లేదు. లేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. మూడింటికి ద్రాక్షారామం గుడికని బయల్దేరాం. రోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డాక పద్మ "అయ్యో, కొబ్బరికాయ మర్చిపోయానే" అని ఇంటికి పరుగెత్తింది. గడియారం చూశాను. ఇరవై నిమిషాలు! ఇల్లు కనిపిస్తూనే ఉంది అక్కడికి. ఒగురుస్తూ వచ్చింది. ఒక్క కొబ్బరికాయకి ఇంతసేపా?

గుడిలో పైఅంతస్తుకి ఎక్కి స్వామిని చూశాను. దండం పెట్టుకున్నాను. ఏం కోరుకున్నానో గుర్తులేదు. మనసంతా సంచి మీదే.

తిరిగొచ్చేసరికి పెరట్లో తీగ మీద నా తువ్వాలు ఆరుతోంది. నేను ఆరెయ్యలేదు. అది సంచిలో ఉండాలి. నా సంచి ఎవరో తెరిచారు.

నిర్మలని పెరట్లోకి లాక్కెళ్ళి చెప్పాను. దాని కళ్ళు ఇంతింతయ్యాయి. "నిన్న దాచేస్తానంది కదే! నేనూ గుమ్మంలోంచి విన్నాను." తర్వాత, "పోనీ పిన్నిగారిని అడక్కూడదూ?"

ఎలా అడగను? అన్నం పెట్టిన ఇంట్లో నా వస్తువు కనబడటం లేదంటే, మీరు దొంగలని మొహం మీద అన్నట్టే కదా. ఆవిడ చేతి కూర ఇంకా నా చేతికి వాసనేస్తోంది.

అడగను. పద్మ మీదే కన్నేసి ఉంచుతాను.

పిన్నిగారు మాత్రం నన్ను చూసి ఒకటే నవ్వు. "బెంగపడకమ్మా, అంతా మంచే జరుగుతుంది" అన్నారు. నేను బెంగగా ఉన్నానని ఆవిడకెవరు చెప్పారు?

ఫిబ్రవరి 14, ఆదివారం, పొద్దున్న

చెయ్యకూడని పని చేశాను.

పద్మ స్నానానికి వెళ్ళగానే దాని సంచి మంచం మీద బోర్లించాను. లంగాలు, ఓణీలు, సగం తిన్న జీళ్ళ పొట్లం... కాగితంలో చుట్టిన కొత్త పట్టు జాకెట్టు. కొలతల చీటీ మీద నా పేరు! అక్క పెళ్ళిలో నేను వేసుకోవాలని కుట్టించినట్టుంది.  నేను లేకుండా నా కొలతలు ఎలా తీసిందో నాకు తెలీదు. తలెత్తేసరికి గుమ్మంలో తడి జుట్టుతో పద్మ నిలబడి ఉంది.

"ఏం వెతుకుతున్నావే?"

"దువ్వెన."

దువ్వెన నా ఎదురుగా కిటికీలోనే ఉంది. అది వచ్చి తీసి నా చేతికిచ్చింది. ఇచ్చి ఊరుకుంటే బాగుండేది. నేనే ఊరుకోలేదు.

"పద్మా, సరదా చాలు. నా పాస్‌పోర్టు ఇచ్చెయ్యి."

"నీ పాస్‌పోర్టు నా దగ్గరెందుకుంటుందే?"

"దాచేస్తానన్నావుగా."

 దాని కళ్ళలో నీళ్ళు లేవు. ఉంటే బాగుండేది. "అంటే... నిన్నటినించీ నన్ను దొంగలా చూస్తున్నావా?" అంది మెల్లగా. తర్వాత తన బట్టలు ఒక్కొక్కటీ మడతపెట్టుకుంది. జాకెట్టు కూడా.

నిన్న ఆ ఇరవై నిమిషాలు ఎక్కడున్నావని అడిగేశాను. "టైలరు దగ్గర" అంది. జాకెట్టు చూపిస్తూ.

అయినా నమ్మలేదు! ఏం మనిషిని నేను? మరి నా పాస్‌పోర్టు ఏమైనట్టు?

ఆదివారం, బస్సులో

 

బయల్దేరేముందు పిన్నిగారు ముగ్గురికీ బొట్టు పెట్టారు. దబ్బకాయ ఊరగాయ సీసా ఇచ్చారు. పద్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. బస్సు దాకా వస్తానని ఆవిడ కూడా నడిచారు. నాలుగిళ్ళ అవతల తూర్పు వైపు ఇంటి ముందు ఆగి, "ఉండమ్మా సుజాతా, ఒక్క నిమిషం" అని లోపలికెళ్ళారు. వచ్చేటప్పుడు చేతిలో పళ్ళెం. పళ్ళెంలో రవికెల గుడ్డ, రెండు అరటిపళ్ళు. వాటి మీద నా పాస్‌పోర్టు.

"శనివారం తూర్పు శూల కదమ్మా. అటు ప్రయాణం చెయ్యకూడదు. నువ్వా తప్పనిసరిగా వెళ్ళాలి. అందుకని నిన్న మీరు గుడికెళ్ళాక మంచి ఘడియ చూసి, నీ ప్రయాణపు వస్తువు ఒకటి తీసి వీళ్ళింట్లో పరస్థానం పెట్టాను. అంటే నీ ప్రయాణం నిన్ననే మొదలైపోయినట్టు. ఇంక శనివారంతో పనిలేదు. సంచిలో చెయ్యి పెడితే తువ్వాలు తడిగా తగిలింది, ఆరేశాను."

ముందే చెప్పొచ్చు కదండీ అన్నాను. 

"శూల అన్న మాట ప్రయాణం చేసేవాళ్ళ చెవిన వెయ్యకూడదమ్మా. చూడు, అట్ట మీద మీ వాళ్ళు పెట్టిన బొట్టు వెలిసిపోయింది. అందుకని మళ్ళీ పెట్టాను."

అట్ట మీదే పెట్టి ఉంటే ఎంత బాగుండేది. అట్ట తీసి, లోపల కొత్త ముద్ర పడిన కాగితం చూసి, నాలుగు మూలలా తడి పసుపు అద్దారు. ఒక మూల నీలం ముద్ర మీదకి పాకింది. తారీకు అలుక్కుపోయింది.

ఆవిడ మొహం వెలిగిపోతోంది. నేను వంగి కాళ్ళకి దండం పెట్టాను. లేచేసరికి పద్మ నన్నే చూస్తోంది. 

మా ఇంట్లో కొత్త క్యాలెండరుకి పసుపు రాయకుండా మామ్మ మేకుకి తగిలించనివ్వదు. అన్నయ్య మోటారుసైకిలుకి, నా స్కూలు పుస్తకాలకి, చివరికి ఫ్రిజ్జుకి కూడా! నాకు తెలియాల్సింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికానని నవ్వుకునేదాన్ని... పద్మ సంచి బోర్లించకుండా ఉంటే.

నిర్మల నా పక్కన. పద్మ ముందు సీటులో, ఒక్కతే. పాట లేదు.

ఫిబ్రవరి 15, సోమవారం

పద్మని క్షమించమన్నాను. "దానికేముందే" అంది. నిర్మల గదికి వెళ్ళి పడుకుంది.

ఫిబ్రవరి 16, మంగళవారం

పోలీసాఫీసు. గుమాస్తాగారు కాగితం వెలుతురుకి పెట్టి చూశారు. "ఇలా ఉంటే దిద్దారనుకుంటారండి. మద్రాసులో ఆపేస్తారు." పసుపని చెప్పాను. వాసన చూశారు. నవ్వొచ్చింది ఆయనకి. నాకు రాలేదు.

కొత్త ముద్ర వెయ్యొచ్చట. కానీ ఎలా పాడైందో, ఎవరు పాడుచేశారో రాసి సంతకం పెట్టి గురువారం పదకొండింటికి తేవాలి. పైఆఫీసరుగారు చూసి నిర్ణయిస్తారు. "వేరేవాళ్ళు తెలియక చేశారంటే వాళ్ళనోసారి పిలిపించి అడుగుతారు, అంతేనండి. మీరే చేశారంటే మాత్రం... ఆయనేమంటారో నేను చెప్పలేను."

పిన్నిగారు పోలీసాఫీసుకా! పెళ్ళి ఎనిమిది రోజులుండగా! మంచి జరగాలని చేసిన పనికి సంజాయిషీ చెప్పుకోవడానికా?

ఆవిడ పేరు రాయకపోతే మామ్మని చూడలేనేమో.

ఫిబ్రవరి 17, బుధవారం

మధ్యాహ్నం పద్మ గదికి వచ్చింది. బట్టల కోసం అనుకున్నాను. తలుపు దగ్గరే నిలబడి, "నిర్మల చెప్పింది. మా అమ్మ పేరు రాస్తున్నావటగా."

నేనా మాట ఎవరితోనూ అనలేదు. గుమాస్తా ఏమన్నారో మాత్రమే చెప్పాను నిర్మలకి. దానికి చెబితే ఊరికి చెప్పినట్టే, అది తెలిసీ చెప్పాను.

"లేదే" అన్నాను.

"మరి ఎవరి పేరు?"

నమ్మితే బాగుండునని చూశాను. నమ్మలేదు. నేను దాన్ని నమ్మానా?

అది మంచం మీద గోడకి తిరిగి పడుకుంది. నేను కూర్చుని రాశాను. నాలుగు కాగితాలు చింపాను. అయిదోది పూర్తయింది. పొద్దున్న పూజ చేసుకుని ఆ చేత్తోనే పాస్‌పోర్టు పట్టుకున్నానని, ఈ పసుపు నా చేతిదేనని, ఇందులో ఇంకెవరి తప్పూ లేదని. సంతకం పెట్టాను. రేపు పైఆఫీసరుగారు కాదంటే శనివారం విమానం నేను లేకుండానే వెళ్ళిపోతుంది. మామ్మ మంచంలో గుమ్మం వైపే చూస్తూ ఉంటుంది.

పద్మకి చూపించాలా? చూపిస్తే మంచి అనిపించుకోడానికి రాశానంటుంది. చూపించకపోతే వాళ్ళమ్మ పేరే రాశాననుకుంటుంది. అనుమానం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇప్పుడు దాని వంతు.

కాగితం మడత పెట్టకుండా దాని మంచం పక్క స్టూలు మీద పెట్టాను. గాలికి ఎగరకుండా దువ్వెన పెట్టాను పైన.

అరగంటయింది. పద్మ నిద్రపోవడం లేదు, ఊపిరి వింటే తెలుస్తోంది. ఇంకా ఇటు తిరగలేదు.