కొండ మీద నాన్న పేర్చిన రాళ్లు

స్టీన్స్ కొండ, మంగళవారం

అమ్మా,

నా మోకాలు బాగానే ఉంది, బెంగపడకు. గొర్రెలు కాసే రోజుల్లో నాన్న తోడు కోసం పేర్చుకున్న రాతిమనిషిని నిన్న నడకసంఘం వాళ్లు కూల్చడం మొదలుపెట్టారు.

"కొండని కొండలా ఉండనివ్వండి పెద్దాయనా, ఇదంతా ఎవరో పోసిన చెత్త" అందొక పిల్ల.

"నువ్వు నడిచొచ్చిన బాట వేసింది గొర్రెలూ, వాటి వెనక సముద్రం దాటొచ్చిన మా బాస్కు కాపరులూనమ్మా! కొండ కింద మీరంతా కాపాడే సైనికుల పాడుకోట చరిత్రా, కాపరి రాళ్లు చెత్తా?" అన్నాను.

రాతిమనిషి తల పోయింది, నడుము దాకా ఉంది. అది కాపరి పేర్చిందేనని, అప్పుడు చూసినవాళ్లెవరైనా వచ్చి చెబితే ఆపుతారట, ఆదివారం దాకా ఆగుతామన్నారు. రొట్టెలు పట్టుకెళ్లి చూసినదానివి నువ్వొక్కదానివే మిగిలావు. ఆదివారంలోగా మన పక్కింటి షబియేర్ జీపులో రా. ఉన్నికోటు మరిచిపోకు. పొయ్యి గొట్టం బాగుచేయించారా? చెల్లి మైతేకి నా దీవెనలు.

నువ్వొచ్చేదాకా ఆ రాళ్ల పక్కనే గుడారం వేసుకుని ఉంటాను.

నీ గోర్కా