సెల్ఫ్ మోటారు మార్చిన రోజు

ఫిబ్రవరి 2002, మంగళవారం

తాళం తిప్పితే స్టార్టవడం లేదని మూడు నెలలుగా మా ఆయన లారీని కాలవ కట్ట మీదే ఆపుతున్నాడు. చక్రం కింద రాయి తీస్తే పల్లానికి దొర్లుతూ స్టార్టయ్యేది. కొత్త బ్యాటరీ వేయించాడు, నిమ్మకాయలూ కట్టాడు. ఇంజనును తిప్పే సెల్ఫ్ మోటారే పాడైందన్న నా మాట మాత్రం వినలేదు.

నిన్న కట్ట మీద పత్తి ట్రాక్టర్లు నిండి, ఇంటి ముందే ఆపాల్సొచ్చింది. పొద్దున మిర్చి బస్తాలకు వెళ్లాలి. తాళం తిప్పితే టక్కుమని ఊరుకుంది.

"లైట్లు వేసి తిప్పండి," అన్నాను.

"నీకేం తెలుసే," అంటూనే వేశాడు.

లైట్లు మసకబారలేదు. అంటే బ్యాటరీ బాగానే ఉంది. కిందకి దూరి సెల్ఫ్ మోటారు మీద రెంచీతో రెండు దెబ్బలు వేసి, మళ్లీ తిప్పమన్నాను. ఇంజను లేచింది. మోటారు లోపల కరెంటు అందించే కార్బన్లు అరిగిపోయాయన్నమాట. పెళ్లికి ముందు నాన్న రిపేరు షెడ్డులో ఎన్ని చూశానో.

నాన్న దగ్గర్నుంచి వేరే మోటారు తెప్పించాను. ముందు బ్యాటరీ వైరు తీశాను. బరువు ఆయన మోశాడు, బోల్టులు నేను బిగించాను. ఒక్క తిప్పుకే స్టార్టయింది.

రేపు మిర్చి యార్డు దగ్గర బండి మొరాయిస్తే మాటలు పడేది నేనే. ఒక బోల్టు ఇంకో చుట్టు బిగించాల్సిందేమో...

ఆయన మెచ్చుకోలేదు, బస్తాలకు వెళ్లిపోయాడు. సాయంత్రం వచ్చి బండి ఇంటి ముందే ఆపాడు. క్యాబిన్‌లోంచి చక్రం కింద పెట్టే ఆ రాయి దించి, "బట్టలుతకడానికి పనికొస్తుందేమో చూడు," అన్నాడు.

పనికిరాదు, మరీ చిన్నది. అయినా బోరింగు పక్కనే పెట్టుకున్నాను.