ఐదు నిమిషాల కిటుకు

అక్కకు,

తమ్ముడి నమస్కారాలు. నేను సిగరెట్ మాని ఇవాళ్టికి నాలుగో రోజు. నవ్వకు. మానితే గానీ మనవరాలిని చేతికివ్వనని అమ్మాయి పాప పుట్టిన రోజునే తేల్చి చెప్పింది. పాపకు మూడో నెల వచ్చింది, వాళ్ల ఊరు వెళ్లినప్పుడల్లా నేనింకా గుమ్మంలో నిలబడే చూసి వస్తున్నాను.

ఎంత గట్టి కోరికైనా ఐదు నిమిషాలేనట, అవి గడిస్తే దానంతటదే పోతుందని డాక్టరు చెప్పాడు. ఆ ఐదు నిమిషాలు గడపడానికి నా దగ్గరో కిటుకుంది. గడియారాలు బాగుచేసేవాడికి ఆమాత్రం తెలియదా? మొదటిరోజు తొమ్మిది సార్లు వాడాను, నిన్న నాలుగే.

పొగ మానిన నీ తమ్ముడు

తా.క.: ఆకలి విపరీతంగా పెరిగింది. మధ్యాహ్నం ఇంటికి వెళ్లేసరికి వంట ఇంకా పొయ్యి మీదే ఉంటోంది. మీ మరదలు విసుక్కుంటోంది.

*

మా పొగబండికి,

అక్క ఆశీస్సులు. నువ్వు మానడం ఇది ఆరోసారి. ఐదోసారి మానినప్పుడు స్నానాలగదిలోంచి వచ్చిన పొగకు వేడినీళ్ల మీద నేరం మోపావు. అయినా ఈసారి నమ్ముదామనే అనుకున్నాను. ఇంతలో మీ బావ మొన్న పనిమీద మీ వీధికి వచ్చి, నాలుగున్నరకే నీ కొట్టుకు తాళం ఉండటం చూశారు. ఆరింటిదాకా కదలని మనిషివి, ఆ గంటన్నర ఎక్కడ ఊదుతున్నావు? నీ కిటుకు ఇదేనా?

నీ అక్క

తా.క.: పక్కనున్న దర్జీ కొట్టుకూ తాళమేనట. తోడు కూడా దొరికిందన్నమాట.

*

అక్కకు,

కోపంగానే నమస్కారాలు. ఆరు కొట్టాకే తాళం వేశాను. గోడ గడియారం కొట్టడం నేనూ విన్నాను, దర్జీ కూడా విన్నాడు. అతను నా గడియారం చూసే కొట్టు కట్టేస్తాడు. బావ చేతి గడియారమే పాడై ఉంటుంది. పంపించు, బాగుచేసి పెడతాను.

పదకొండు రోజులుగా ఒక్కటి ముట్టలేదక్కా. నువ్వు కూడా నమ్మకపోతే నాకు బాధగా ఉంది.

నీ తమ్ముడు

తా.క.: ఈమధ్య సాయంత్రం ఆరింటికి కూడా ఎండ మాడ్చేస్తోంది. కాలం మారిపోయింది.

*

తమ్ముడికి,

ఆశీస్సులు సగమే. బావ గడియారం పోయిన నెల నువ్వే బాగుచేశావు. అది పాడైందంటే చెడ్డపేరు ఎవరికి? అమ్మాయికి ఉన్నదున్నట్టు రాసేశాను. శనివారం ఆరు గంటల బస్సుకు పాపతో వస్తోంది. ముందు నీ చొక్కా వాసన చూస్తుందట. తేడా వస్తే అదే బస్సులో వెనక్కి.

నీ అక్క

తా.క.: ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన పోదు. నాన్న చొక్కాలు ఉతికినదాన్ని, నాకు తెలుసు.

*

అక్కకు,

నమస్కారాలు. కిటుకు చెప్పేస్తున్నాను. కోరిక పుట్టినప్పుడల్లా గోడ గడియారం పెద్ద ముల్లును ఐదు నిమిషాలు ముందుకు తోసేవాణ్ణి. గడిచిపోయాయి కదా అని మనసు ఊరుకునేది. తోశానే గానీ వెనక్కి తేలేదు. నా చేతి గడియారం కూడా దాన్ని చూసే దిద్దుకున్నాను.

శనివారం ఆరు కావస్తోందని బస్టాండుకు పరిగెత్తాను. అక్కడి గడియారం నాలుగు చూపిస్తోంది. దించి ఇవ్వండి, ఊరికే బాగుచేస్తానన్నాను. టికెట్ల గుమాస్తా నన్ను అదోలా చూసి, బెంచీ మీదున్న నలుగురి గడియారాలూ చూపించాడు. అప్పుడు గానీ నా బుర్ర వెలగలేదు.

ఇంకా రెండు గంటలుంది. ఎదురుగా సిగరెట్ల బడ్డీ. చేతి గడియారం ముల్లు తిప్పుదామంటే దాన్ని ఇక నేనే నమ్మను. ఒక్కో నిమిషం నిజంగానే గడపాల్సి వచ్చింది. పాప మొహం తలుచుకుంటూ కూర్చున్నాను.

బస్సు దిగి అమ్మాయి నా చొక్కా మీదికి వంగబోతుంటే బడ్డీ అతను వచ్చాడు. "అమ్మా, ఈయన మీ నాన్నగారా? రెండు గంటలుగా నా కొట్టునే చూస్తున్నారు, జేబులో డబ్బుల్లేవో ఏమో. చూడలేకపోతున్నాను, ఒక్కటి కొనిపెట్టండి."

అమ్మాయి ఇక చొక్కా జోలికి రాలేదు. పాపను నా చేతుల్లో పెట్టింది. నాకు ఏడుపొచ్చింది, చెప్పడానికి సిగ్గేం లేదు.

నీ తమ్ముడు

తా.క.: గడియారాలన్నీ సరిచేశాను. దర్జీకి ఇప్పుడు రెండు గంటలు ఎక్కువ కుట్టాల్సి వస్తోంది. నాకు మళ్లీ ఎప్పుడు కోరిక పుడుతుందని రోజూ వచ్చి అడుగుతున్నాడు.