ప్రెంటిస్ వారి ఇల్లు, మధ్యలో గోడ

ఒహాయో రాష్ట్రం, వెల్డన్ ఫెర్రీ ఊరి కాపురస్తురాలైన, డెబ్బై అయిదేళ్ల ఆర్ఫా హాలవే అను నేను, కళ్లు మసకబారినా బుద్ధి మసకబారలేదని డాక్టరు చేత కూడా అనిపించుకుని, ఎవరి ప్రోద్బలమూ లేకుండా ఇష్టపూర్వకంగా రాస్తున్న వీలునామా ఏమనగా:

1. మా ముత్తాత, రాష్ట్ర సెనేటరు థాడియస్ ప్రెంటిస్ కట్టించిన ఇంటిని, స్థలంతో సహా, నా తదనంతరం ఊరి చరిత్ర సంఘానికి దఖలు పరుస్తున్నాను. షరతు ఒక్కటే. ముందుగది మధ్యనున్న గోడ తీయరాదు. తీస్తే, ఇల్లు నా మేనకోడలు లొరీన్‌కు సర్వహక్కులతో చెందుతుంది.

ఈ షరతు సంఘాధ్యక్షుడు క్లిఫర్డ్ నోల్టె కోసం. "ఆ గోడ పెద్దాయన పరువు తీస్తోందండీ, పడగొట్టేద్దాం" అని ఆయన నా వెంట పడుతున్నాడు. కనుక ఆ గోడ కథ ఇందులోనే రాసిపెడుతున్నాను.

ఆడపిల్లల్ని రాష్ట్ర కళాశాలలో చేర్చుకోవాలన్న బిల్లుకు ఓట్లు చెరిసగం వచ్చాయి. చివరి ఓటు మా ముత్తాతది. వద్దని వేశాడు. ఇంటికొచ్చాక, అప్పటికి పదిహేనేళ్ల పిల్ల అయిన మా అమ్మమ్మ మినర్వా అడిగింది: "నాన్నా, నన్ను చదివిస్తానని మాటిచ్చావు కదా?"

"రాజకీయాలు నీకు అర్థం కావులే తల్లీ."

మా ముత్తవ్వ కెజియా గిన్నెలు తీస్తూనే అంది: "అర్థమయ్యేలా చదివిద్దామనే కదా అనుకున్నాం. వద్దన్నది మీరేగా."

ఆయన మళ్లీ సభకు వెళ్లి తిరిగొచ్చేసరికి ముందుగది మధ్య గోడ లేచింది. వీధివైపు రెండో గుమ్మం వెలిసింది. అవతలి సగంలో ఊరి ఆడపిల్లలు లెక్కలు చేస్తున్నారు. ఇదేమిటని ఆయన కేక వేస్తే, "బడి నడుస్తోంది, కాస్త మెల్లిగా మాట్లాడండి" అందట కెజియా. ఆ తర్వాత ఆయన బతికున్నంత కాలం ఇద్దరూ చెరో సగంలో కాపురం ఉన్నారు.

2. గోడ అడుగున, కట్టెల మోపు పట్టేంత కంత ఒకటుంది. గోడకు అతికిన పాత కాగితం ఊడదీసినప్పుడు నాకే బయటపడింది. దాన్ని కెజియా కోయించిందనుకున్నాను. కానీ రంపం గాట్లు మొదలైంది సెనేటరు వైపునుంచి.

అప్పటికి మంచాన ఉన్న అమ్మమ్మను అడిగాను. "చలికాలం పొద్దున్నే నాన్న కట్టెలు తోసేవాడే. మా బడి పొయ్యికి. మేం చేతులు కాచుకుంటుంటే, అవతల ఆయన దగ్గు వినిపించేది" అంది.

అదే బిల్లు మళ్లీ సభకు వచ్చింది. ఆయన మళ్లీ వద్దనే వేశాడు.

ఎందుకు? ఓట్లడిగే చోట భయమా? పట్టుదలా? ఇంట్లో కట్టెలు తోసిన మనిషి సభలో అలా ఎలా చెయ్యెత్తాడు? నలభై ఏళ్లు ఈ ఇంటిని జనానికి చూపించాను. నాకు అంతుచిక్కలేదు. ఇల్లు చూపించేవారు ఆయన్ని దేవుణ్ణీ చేయరాదు, దుర్మార్గుణ్ణీ చేయరాదు. జరిగింది చెప్పి, వచ్చినవాళ్లని కంత దగ్గర వంగి చూడనివ్వాలి.

3. క్లిఫర్డ్ నోల్టెకు సెనేటరు టోపీ. తలకు వదులవుతుంది. తెలిసే ఇస్తున్నాను.

4. లొరీన్‌కు నా వంటపాత్రలు, ఆపిల్ చెట్ల తోట. కొమ్మలు నరికించకపోతే కాయలు పుల్లబడతాయి, బద్ధకించకే అమ్మాయీ.

5. ఇరవై ఏళ్లుగా ఇల్లు తుడిచిన హిల్డా క్రౌస్‌కు కెజియా ఊగుడు కుర్చీ. దానికి తాడు కట్టి, కూర్చోరాదని బోర్డు పెట్టింది నేనే. హిల్డా రోజూ దాని దుమ్ము దులిపి, నడుం పట్టుకుని వంటింటి ముక్కాలిపీట మీద కూర్చునేది. హిల్డా, తాడు విప్పి కుర్చీ మీ ఇంటికి తీసుకుపో. కిటికీ పక్కన వేసుకుని కూర్చో.

దీన్ని అమలు జరిపే బాధ్యత లొరీన్‌ది. చదివి వినిపించగా సరేనని సంతకం చేశాను.

1974 అక్టోబరు 9, వెల్డన్ ఫెర్రీ.

(సం.) ఆర్ఫా హాలవే

సాక్షులు:
ఎల్మర్ స్ట్రౌడ్, మందుల దుకాణం
జెనీవా టిప్టన్, బడిపంతులమ్మ