అంగడి రోజు కొంగలు

బాపూ, ఫోన్‌లో నీకు మాట సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను. భూపాలపల్లిలో నాకు తిండికి, నిద్రకు లోటు లేదు.

"కొంగల లెక్క జూసుడు గూడ కొలువేనా బిడ్డా" అని అడిగావు కదా. చెరువు మీద కొంగలను రోజూ లెక్కపెట్టి రాసేది వాచర్ రాజలింగం. ఆ లెక్క ఎటు పోతే అటు వంగే గీత గీసే కంప్యూటర్ ప్రోగ్రామ్ నేను తయారుచేసి, కాలేజీ పిల్లలకు నేర్పుతున్నాను. మొన్న క్లాసులో ఆ గీత వారానికోసారి నేలకు తగిలింది. కొంగలు వారం వారం ఎక్కడికో మేతకు పోతున్నాయని నేను అరగంట చెప్పాను. లెక్క కాయితాలు ఇవ్వడానికి వచ్చి వెనక కూర్చున్న రాజలింగం లేచి, "కొంగలు యాడికీ పోలే మేడం. గా దినం వారం అంగడి. నేనే చెరువు కాడికి పోలే, కాయితం ఖాళీగ ఇడిసిపెట్టిన" అన్నాడు. ఆ ఖాళీని నా ప్రోగ్రామ్ సున్నా కింద చదివింది. పిల్లలతో పాటు నేనూ నవ్వాను. మర్నాడే సరిచేశాను, గీత ఇప్పుడు బుద్ధిగా నడుస్తోంది.

బాయి మోటరు బాగైందా? తమ్ముడు మహేశ్ ఇటు వస్తే చింతకాయ తొక్కు పంపు, పోయినసారిలా సీసా మూత వదులుగా పెట్టొద్దు.

నీ వెనకటి మూడు కార్డుల్లో అవ్వ మోకాలి నొప్పి ఊసే లేదు. నొప్పి తగ్గి రాయలేదా, దవాఖానకు తీసుకపోక రాయలేదా? ఈసారి నువ్వు ఖాళీగా వదిలితే నేను సున్నా అనుకోను బాపూ, బస్సెక్కి వస్తాను.

ఇద్దరికీ దండాలు.
నీ బిడ్డ స్రవంతి